ఒక దూరం, రెండు కాలాలు

రెండు ఊళ్ల నడుమ దూరమెంత అని ఎవరైనా అడిగితే ఒక సంఖ్యతో జవాబు చెప్పవచ్చు. ప్రయాణానికి ఎంత సేపు పడుతుందని అడిగితే మాత్రం, ఆ ఊళ్ల మధ్య ఉన్నది సముద్రమూ, పోవలసినది విమానంలోనూ అయితే, "ఎటునుండి ఎటు?" అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు. వినడానికి చిన్న సంగతే. కాని అట్లాంటిక్ మహాసముద్రం మీద ఇది అనుభవంలో స్థిరపడడానికి సుమారు నలభై ఏండ్లు పట్టింది. కొందరి ప్రాణాలు కూడా పోయాయి.

అట్లాసు తీసి ఉత్తర అట్లాంటిక్ పటం చూడండి. పడమటి ఒడ్డున కెనడాకు ఆనుకొని న్యూఫౌండ్‌లాండ్ అనే పెద్ద దీవి ఐరోపా వైపు ముక్కు చాచినట్లు కనిపిస్తుంది. దాని లోపలి అడవుల మధ్య, ఒక సరస్సు గట్టున గాండర్ విమానాశ్రయం ఉన్నది. తూర్పు ఒడ్డున ఐర్లండు. అక్కడ షానన్ నది సముద్రంలో కలిసే చోట షానన్ విమానాశ్రయం ఉన్నది. ఈ రెండింటి నడుమ దూరం సుమారు 3,180 కిలోమీటర్లు. రెండు ఖండాల మధ్య సముద్రం ఇరుకైన చోట్లలో ఇది ఒకటి. అందువల్లనే విమానయానపు తొలి రోజులలో అట్లాంటిక్ దాటదలచిన వారి చూపు ఈ రెండు తీరాల మీద పడింది.

ఈ 3,180 కిలోమీటర్లు అన్న లెక్కలోనే ఒక మెలిక ఉన్నది. గాండర్ సుమారు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, షానన్ 52.7 డిగ్రీల మీద ఉన్నాయి. అనగా గాండర్ షానన్‌కంటే దక్షిణాన ఉన్నది. బడిలోని గోడపటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది పడమరకు పోతూ కొంచెం దక్షిణానికి దిగుతుంది. కాని షానన్‌లో లేచిన విమానచోదకుడు దగ్గరి దారిన పోదలిస్తే, పడమరకు సుమారు 11 డిగ్రీలు ఉత్తరంగా విమానపు ముక్కు తిప్పాలి! తరువాత క్రమక్రమంగా ఎడమవైపు మళ్లుతూ, గాండర్ చేరేసరికి పడమరకు 25 డిగ్రీలు దక్షిణంగా పోతూ ఉంటాడు. ఉపాధ్యాయులు తరగతిలోని గ్లోబు మీద ఒక దారాన్ని ఈ రెండు చోట్ల మధ్య బిగించి లాగి చూపిస్తే విద్యార్థులకు వెంటనే బోధపడుతుంది. బిగిసిన దారం ఉత్తరానికి విల్లులాగా వంగి కనిపిస్తుంది. భూగోళాన్ని సరిగా రెండు సగాలుగా కోసే వృత్తానికి మహావృత్తం అని పేరు. గోళం మీద రెండు బిందువుల నడుమ అతి దగ్గరి దారి ఆ వృత్తపు చాపమే. పటం మీది సరళరేఖను పట్టుకొని పోతే ఈ దారికంటే యాభై కిలోమీటర్లకు పైగా ఎక్కువ తిరగవలసి వస్తుంది.

1927లో న్యూయార్కు నుండి పారిస్‌కు ఒంటరిగా ఎగిరిన చార్లెస్ లిండ్‌బర్గ్ ఈ చాపాన్నే ముక్కలు చేసుకొని, ప్రతి వంద మైళ్లకు ఒకసారి దిక్సూచి ప్రకారం దిశ మార్చుకొంటూ పోయాడు. వృత్తలేఖినితో పని లేకుండా చిన్న చిన్న సరళరేఖలతో వక్రాన్ని గీయడం వంటిదే ఇది.

దూరం సంగతి ఇంతటితో సరి. అది మారదు. ఇక మారే దాని సంగతి.

ఉన్నత పాఠశాల లెక్కల పుస్తకాలలో పడవ లెక్క చేయని వారుండరు. నిలకడ నీటిలో పడవ వేగం ఇంత, ప్రవాహవేగం ఇంత, ఎదురీదడానికి ఎంత కాలం, వాలుకు పోవడానికి ఎంత కాలం అన్న లెక్క అది. గోదావరి మీద పడవ నడిపేవాడికి ఈ లెక్క పుస్తకం చూడకుండానే తెలుసు. విమానానికి గాలే నది. విమానపు యంత్రం దానికి వేగాన్ని ఇచ్చేది గాలిని ఆధారం చేసుకొనే. ఆ గాలి మొత్తం కదిలిపోతూ ఉంటే దానిలోని విమానం కూడా దానితో కొట్టుకొని పోతుంది. ఉత్తర అట్లాంటిక్ మీది ఈ నది ఎక్కువగా పడమటి నుండి తూర్పుకే పారుతుంది.

దానికి కారణం ఉన్నది. ధ్రువం వైపు గాలి చల్లనిది, ఉష్ణమండలం వైపు గాలి వెచ్చనిది. వెచ్చని గాలి వ్యాకోచించి ఎత్తుగా నిలుస్తుంది కనుక, పై ఎత్తులలో ఉష్ణమండలం వైపు ఒత్తిడి ఎక్కువగా, ధ్రువం వైపు తక్కువగా ఉంటుంది. గాలి ధ్రువం వైపు కదలబోతుంది. అయితే భూభ్రమణం వలన ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కుడివైపుకు తిరుగుతుంది. ఉత్తరానికి బయలుదేరిన గాలి కుడికి తిరిగితే తూర్పుకు పోతుంది కదా! చలికాలంలో చల్లని గాలికీ వెచ్చని గాలికీ ఉష్ణోగ్రతలో తేడా పెరుగుతుంది కాబట్టి ఈ గాలి మరింత బలుస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తున ఇది సన్నని వేగవంతమైన ప్రవాహంగా ఏర్పడుతుంది. దీనినే జెట్ ప్రవాహం అంటారు. 1920లలో జపాను శాస్త్రజ్ఞుడు వసబురో ఓయిషి బెలూన్లు ఎగురవేసి, దుర్భిణితో వాటిని అనుసరించి చూచి, తన దేశం మీది ఈ బలమైన గాలులను కొలిచాడు. ప్రపంచమంతా చదువుకోవాలని తన ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రకటించాడు. ఫలితం ఏమంటే, దాదాపు ఎవరూ చదవలేదు.

ఒక లెక్క వేద్దాం. గాలిలో గంటకు 320 కిలోమీటర్లు పోగల విమానం ఉన్నదనుకోండి. గాలి లేని రోజున షానన్ నుండి గాండర్‌కు 9 గంటల 56 నిమిషాలు పడుతుంది. రావడానికీ అంతే. ఇప్పుడు పడమటి గాలి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వీస్తున్నదనుకొందాం. గాండర్ వైపు పోయేటప్పుడు నేలమీది వేగం 240, తిరిగి వచ్చేటప్పుడు 400. పోవడానికి 13 గంటల 15 నిమిషాలు, రావడానికి 7 గంటల 57 నిమిషాలు. పోయేటప్పుడు గాలి చేసిన నష్టాన్ని వచ్చేటప్పుడు పూడ్చుతుందని పైకి అనిపిస్తుంది. కాని రెండూ కూడి చూడండి. గాలి లేనప్పటికంటే గంటా ఇరవై నిమిషాలు ఎక్కువైనది. గాలి మనకు అడ్డుపడేది ఎక్కువ సేపు, సాయపడేది తక్కువ సేపు. అందుకే రాకపోకలు కలిపి చూస్తే ఎప్పుడూ నష్టమే.

ఇప్పుడు చరిత్ర చూద్దాం. 1919 జూన్ 14న జాన్ ఆల్కాక్, ఆర్థర్ విటెన్ బ్రౌన్ అనే ఇద్దరు ఆంగ్లేయ వైమానికులు న్యూఫౌండ్‌లాండ్‌లోని సెంట్ జాన్స్ నుండి రెండు ఇంజన్ల విమీ విమానంలో బయలుదేరి, సుమారు 16 గంటలకు ఐర్లండులో క్లిఫ్‌డెన్ దగ్గర దిగారు. పచ్చిక మైదానమనుకొని దిగినది బురదనేల కావడంతో విమానం ముక్కు దానిలో కూరుకుపోయింది. ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. మధ్యలో ఎక్కడా దిగకుండా అట్లాంటిక్ దాటిన తొలి విమానం అదే. లండన్ పత్రిక ఒకటి ప్రకటించిన పదివేల పౌనుల బహుమానం వారికి దక్కింది. ఆ ఏడు పోటీకి వచ్చిన వారు చాలామంది తమ విమానాలను పెట్టెలలో పెట్టి ఓడలమీద న్యూఫౌండ్‌లాండ్‌కు చేర్చుకొన్నది దేనికో పాఠకులు ఇప్పటికే ఊహించి ఉంటారు.

మరుసటి నెలలోనే ఆర్-34 అనే బ్రిటిష్ వాయునౌక స్కాట్లండు నుండి న్యూయార్కు పక్కనున్న మినియోలాకు పోయి తిరిగి వచ్చింది. పోవడానికి 108 గంటలు పట్టింది. రావడానికి 75 గంటలు చాలింది. మినియోలా చేరేసరికి దాని ఇంధనం దాదాపు అయిపోయింది.

ఆల్కాక్, బ్రౌన్‌ల పిమ్మట ఎదురుదిశలో, అనగా ఐరోపా నుండి అమెరికాకు, ఒక విమానం ఆగకుండా దాటడానికి తొమ్మిదేండ్లు పట్టింది. ఈ లోపల ప్రయత్నించి నశించిన వారు ఉన్నారు. 1927 మే 8న ఫ్రెంచి వైమానికులు నంజెస్సర్, కోలీ పారిస్ నుండి న్యూయార్కుకు బయలుదేరారు. వారి జాడ ఇంతవరకు తెలియలేదు. సరిగా పన్నెండు రోజుల తరువాత అదే రెండు నగరాల నడుమ లిండ్‌బర్గ్ అటునుండి ఇటు బయలుదేరి, 33½ గంటలలో పారిస్ చేరి జగత్ప్రసిద్ధుడైనాడు. అతని ధైర్యాన్ని తక్కువ చేయనవసరం లేదు. కాని అతనికి గాలి చేసిన సాయాన్ని కూడా చరిత్రలో రాయాలి కదా. 1928 ఏప్రిల్ 12న డబ్లిన్ సమీపంలోని బాల్డానెల్ నుండి కోల్, ఫన్ హ్యూనెఫెల్డ్ అనే జర్మనులు, ఫిట్జ్‌మారిస్ అనే ఐరిష్ సైనికాధికారి "బ్రెమెన్" అనే విమానంలో ఎదురుగాలిని చీల్చుకొంటూ పోయారు. వారి గమ్యం న్యూయార్కు. సుమారు 36 గంటల తరువాత వారు దిగగలిగినది కెనడా తీరాన మంచుతో కప్పిన గ్రీన్లీ అనే చిన్న దీవి మీద. దీపస్తంభం తప్ప అక్కడ చెప్పుకోదగినది ఏమీ లేదు. లిండ్‌బర్గ్ పేరు తెలిసిన వారిలో ఈ ముగ్గురి పేర్లు తెలిసిన వారు నూటికి ఒకరైనా ఉంటారో లేదో! నా దృష్టిలో ఎక్కువ కష్టమైన పని వీరిదే.

గాలి మాట ఎంత నిజమో 1937 జూలై 5న ఎవరూ కోరకుండానే ఒక ప్రయోగం జరిగినట్లు జరిగింది. ఆనాటికి పెద్ద విమానాలు నీటిమీద దిగే రకంవి. షానన్ నది ఒడ్డున ఫాయిన్స్, న్యూఫౌండ్‌లాండ్‌లో బాట్‌వుడ్ వాటి రేవులు. ఆ రాత్రి ఫాయిన్స్ నుండి బ్రిటిష్ నీటివిమానం "కాలిడోనియా" పడమరకూ, బాట్‌వుడ్ నుండి అమెరికన్ నీటివిమానం "క్లిప్పర్-3" తూర్పుకూ బయలుదేరాయి. రెండూ పరీక్షాయాత్రలు. ప్రయాణికులు లేరు. అమెరికన్ విమానం 13 గంటలకు లోపలే వచ్చింది. బ్రిటిష్ విమానానికి 15 గంటలు దాటింది. విమానాలు వేరు వేరు కనుక తేడా అంతా గాలిదే అనడం శాస్త్రీయం కాదు. అయినా ఆ రాత్రి గాలి ఎవరి పక్షాన ఉన్నదో తెలుస్తూనే ఉన్నది.

అప్పటికే గాండర్‌లో అడవి నరికి నేలవిమానాల కోసం విశాలమైన రన్‌వేలు కట్టడం మొదలైంది. తొలి విమానం 1938 జనవరిలో అక్కడ దిగింది. యుద్ధం రావడంతో దాని విలువ పెరిగింది. 1940 నవంబరు 10 రాత్రి, డాన్ బెన్నెట్ నాయకత్వాన, అమెరికాలో తయారైన ఏడు హడ్సన్ యుద్ధవిమానాలు గాండర్ నుండి లేచి, మరునాటి ఉదయానికి ఉత్తర ఐర్లండులోని ఆల్డర్‌గ్రోవ్‌లో క్షేమంగా దిగాయి. చలికాలంలో ఈ సముద్రాన్ని ఇట్లా దాటడం సాధ్యం కాదని చాలామంది అనుకొన్న రోజులవి. గాండర్‌లో వాతావరణ సూచనలు ఇచ్చిన మక్‌టాగర్ట్ కోవన్‌కు వైమానికులు ముద్దుగా "మక్‌ఫాగ్" అని పేరు పెట్టారు. ఫాగ్ అంటే పొగమంచు. విమానాలు అప్పగించిన చోదకులు వెనుకకు పోవలసినది ఎదురుగాలిలో. లిబరేటర్ బాంబరు విమానాల కడుపులో, బాంబులుండే చోట, చలికి ముడుచుకొని పడుకొని పోయేవారు.

యుద్ధానంతరం సామాన్య ప్రయాణికులు రాసాగారు. ఇక్కడనే ఈ లెక్కలకు ప్రాణాల వెల ఏర్పడింది. సముద్రమధ్యంలో విమానానికి ఆపద వస్తే ముందుకు పోవడం మేలా, వెనుకకు తిరగడం మేలా? సగం దారి దాటితే ముందుకు, దాటకుంటే వెనుకకు అని తోస్తుంది. అది పొరపాటు. ముందుకు పోతే ఎదురుగాలి, వెనుకకు తిరిగితే అనుకూలపు గాలి. రెండు వైపులా సమానమైన కాలం పట్టే చోటును సమకాల బిందువు అందాం. దానిని కనుక్కోవడం సులభం. మొత్తం దూరాన్ని, వెనుకకు వచ్చే వేగంతో గుణించి, పోయే వేగం, వచ్చే వేగం రెండింటి మొత్తంతో భాగించాలి. మన ఉదాహరణలో 3,180ని 400తో గుణించి 640తో భాగిస్తే సుమారు 1,988 కిలోమీటర్లు. సగం దారి 1,590 మాత్రమే. అంటే సగం దాటి ఇంకా నాలుగు వందల కిలోమీటర్లు పోయేవరకు వెనుకకు తిరగడమే మేలు. సరిచూడండి: ఆ బిందువు నుండి షానన్‌కు 400 వేగంతో ఐదు గంటలకు రెండు నిమిషాలు తక్కువ, గాండర్‌కు 240 వేగంతో మిగిలిన 1,192 కిలోమీటర్లకు కూడా అంతే.

కాని ఈ లెక్కలో గాలివేగం ముందే తెలుసుననుకొన్నాం. సముద్రం మీద దానిని చెప్పేవారెవరు? అందుకోసమే 1946లో కొన్ని దేశాలు కూడి, ఉత్తర అట్లాంటిక్‌లో పదమూడు చోట్ల వాతావరణ నౌకలను నిలపాలని నిర్ణయించాయి. ఆ ఓడలకు ఎక్కడికీ పోయే పని లేదు. ఇచ్చిన చోట తిరుగుతూ, బెలూన్లు ఎగురవేసి గాలి కొలుస్తూ, విమానాలతో రేడియోలో మాట్లాడుతూ ఉండాలి.

1947 అక్టోబరు 13న ఫాయిన్స్ నుండి "బెర్ముడా స్కై క్వీన్" అనే బోయింగ్ నీటివిమానం గాండర్‌కు బయలుదేరింది. 62 మంది ప్రయాణికులు, 7 గురు సిబ్బంది. చోదకుడు చార్లెస్ మార్టిన్‌కు ఇరవయ్యారేండ్లు. రాత్రి గడిచేకొద్దీ గాలి, సూచనలో చెప్పినదానికంటే చాలా ఎక్కువగా ఎదురు కొట్టింది. ఇంజన్లు ఎప్పటివలెనే మోగుతున్నాయి. గాలివేగపు ముల్లు ఎప్పటిచోటనే ఉన్నది. లోపల కూర్చున్నవారికి ఏ తేడా తెలియదు. తేడా నేలమీది వేగంలో ఉన్నది. కింద నేల లేదు. నక్షత్రాలను చూచి స్థానం గుణించి చూస్తే, తాము ఉన్నామనుకొన్న చోటుకు ఎంతో వెనుకబడి ఉన్నామని తేలింది. గాండర్ చేరడానికి ఇంధనం చాలదు. ఐర్లండుకు తిరిగిపోవడానికీ చాలదు.

మిగిలినది ఒక్కటే దారి. "చార్లీ" అనే స్థానంలో అమెరికన్ తీరరక్షక నౌక "బిబ్" ఉన్నది. విమానం వెనుకకు తిరిగి దాని దగ్గరకు వచ్చి, తెల్లవారిన పిమ్మట ఎత్తైన అలల మీద దిగింది. దిగడం చోదకుని నేర్పు. దిగిన తరువాత ఓడమీదికి చేరడం మరొక గండం. పడవలను విమానం దగ్గరకు పోనిస్తే అలలకు గుద్దుకొంటాయి. రబ్బరు తెప్పల మీద కొద్దికొద్దిమందిని దింపి తెచ్చారు. చీకటి పడేసరికి 47 మందిని చేర్చగలిగారు. మిగిలిన 22 మంది ఆ రాత్రి ఊగిసలాడే విమానంలోనే గడిపారు. మరునాటి ఉదయం వారిని కూడా తెచ్చారు. 69 మందీ బ్రతికారు. ఖాళీ విమానం ఇతర ఓడలకు అడ్డమని ఫిరంగులతో కాల్చి ముంచివేశారు. బెలూన్లు ఎగురవేయడానికి సముద్రం నడుమ ఓడలెందుకు అన్న ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆ ఓడలు చాలా ఏండ్లు పనిచేశాయి. ఉపగ్రహాలు, దూరప్రయాణపు జెట్ విమానాలు వచ్చిన తరువాత ఒక్కొక్కటిగా తొలగిపోయాయి.

జెట్ విమానాలు రాగానే గాలి సమస్య తీరిందా? 1958 అక్టోబరు 4న బ్రిటిష్ వారి కామెట్-4 విమానాలు లండన్, న్యూయార్కుల నడుమ తొలి అట్లాంటిక్ జెట్ సర్వీసు ప్రారంభించాయి. న్యూయార్కు నుండి వచ్చిన విమానం ఎక్కడా ఆగలేదు. ఆరుంపావు గంటలు కూడా పట్టలేదు. లండన్ నుండి పోయినది ఇంధనానికి గాండర్‌లో దిగింది. అన్నీ కలిపి పది గంటలు దాటింది. జెట్ విమానం ఎగిరేది జెట్ ప్రవాహం పారే ఎత్తులోనే. వేగం పెరిగింది గనుక గాలి ప్రభావం పాలులో తగ్గింది కాని పోలేదు. 2020 ఫిబ్రవరి 9న బలమైన తుపాను గాలుల తోడుతో ఒక బోయింగ్-747 న్యూయార్కు నుండి లండన్‌కు 4 గంటల 56 నిమిషాలలో వచ్చింది. అదే దారిలో ఎదురు పోయే విమానాలకు మామూలుగానే ఏడు గంటలు దాటుతుంది. ఐరోపా మీదుగా అమెరికాకు చదువులకు పోయే మన తెలుగు విద్యార్థులు టిక్కెట్టు మీది వేళలను, రెండు చోట్ల గడియారాల తేడా సవరించి, ఒకసారి పోల్చుకొంటే ఈ సంగతి వారి చేతిలోనే ఉన్నట్లు కనిపిస్తుంది.

అందువల్ల నేటి విమానాలు ఎప్పుడూ మహావృత్తం మీదనే పోవు. తూర్పుకు పోయేవి జెట్ ప్రవాహాన్ని వెదకి పట్టుకొంటాయి, పడమరకు పోయేవి దానిని తప్పించుకొని ఉత్తరంగానో దక్షిణంగానో తిరిగిపోతాయి. కిలోమీటర్లు పెరిగినా నిమిషాలు తగ్గుతాయి. గాలి చూచి ఏ రోజు దారులు ఆ రోజు నిర్ణయిస్తారు. తూర్పు సగం విమానాల అదుపు షాన్‌విక్ కేంద్రానిది. షానన్, స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్ పేర్లు కలిపి అల్లిన పేరది. పడమటి సగం గాండర్‌ది. 30 డిగ్రీల పశ్చిమ రేఖాంశం వారి ఎల్ల.

ఆగకుండా దాటగల విమానాలు వచ్చాక గాండర్‌లో ఇంధనానికి దిగేవి తగ్గిపోయాయి. 2001 సెప్టెంబరు 11న అమెరికా తన గగనతలాన్ని మూసివేసినప్పుడు, వందలాది విమానాలు అట్లాంటిక్ మీద ఉన్నాయి. తిరిగిపోగల చోట ఉన్నవి ఐరోపాకు మళ్లాయి. మళ్లలేనివి ముందుకే వచ్చి కెనడాలో దిగవలసి వచ్చింది. పదివేల జనాభా గల గాండర్‌లో ఆ రోజు 38 పెద్ద విమానాలు, 6,500 మందికి పైగా ప్రయాణికులు దిగారు. ఊళ్లోని బడులు, సభాభవనాలు, చర్చిలు వారికి పడకలైనాయి. అన్ని విమానాలకు నిలువ చోటు దొరికింది, ఒకప్పుడు ఎదురుగాలికి ఇంధనం చాలక దిగే విమానాల కోసం పెంచిన విమానాశ్రయం కనుక.